స్వర్ణలత నేర్చుకున్న కేక

విమానం తనంతట తాను వెనక్కి పోలేదంటే మా పుంగనూరులో ఒక్కరూ నమ్మరు. అన్ని కోట్లు పోసి చేసిన యంత్రానికి రివర్సు గేరు పెట్టడం మరిచిపోయారా అని బస్టాండు దగ్గర టీ అంగట్లో నన్ను ఎగతాళి చేస్తారు. ముప్పైయేళ్ళుగా స్టీరింగు పట్టినవాణ్ణి, అందులో చివరి పన్నెండేళ్ళూ విమానాలను వెనక్కి నెట్టడమే నా ఉద్యోగం. అయినా నా మాటకు విలువ లేదు. పోనీ, మీరైనా వినండి. ప్రయాణికులందరూ ఎక్కి తలుపులు మూశాక, విమానం ముక్కు కింది చక్రానికి టోబారు అనే పొడవాటి ఇనుప కడ్డీ తగిలిస్తారు. దాని రెండో కొసను ఒక బరువైన ట్రాక్టరుకు తగిలిస్తారు. ఆ ట్రాక్టరు విమానాన్ని మెల్లగా వెనక్కి నెట్టి దారి మీద నిలబెట్టాకే అది తన ఇంజన్ల బలంతో ముందుకు కదులుతుంది. ఆ ట్రాక్టరు నడిపే గంగాధరం నేనే.

ఏ విమానాశ్రయమో చెప్పను. చెబితే మా కాంట్రాక్టు కంపెనీ వాళ్ళకు కోపం వస్తుంది, నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. రాష్ట్రం దాటి పోవాలి, అంతవరకు చాలు. అక్కడ నాతో పనిచేసే స్వర్ణలత అనే పిల్ల గురించి రాయాలని కూర్చున్నాను. ఆమెది రామకుప్పం మండలంలో అడవి అంచున ఉండే చిన్న పల్లె. ఆమెను నేను తిట్టిన తిట్లు కూడా దాచకుండా రాస్తాను. ఆమె మీద నాకున్న కృతజ్ఞత ఎంతదో తెలియాలంటే అవీ తెలియాలి.

విమానాలకు ముందు నేను మదనపల్లె టమోటా మార్కెట్టులో లారీలు నడిపాను. యార్డులో లారీ వెనక్కి తీయడమంటే క్లీనరు వెనక నిలబడి కేకలు పెడుతూ బాడీ మీద చేత్తో చరచడమే. వరసగా కొడుతుంటే రావచ్చని, గట్టిగా ఒక్కటి కొడితే ఆగమని. అలా పద్దెనిమిదేళ్ళు చెవులతో బండి నడిపినవాడికి విమానాశ్రయంలో చెవులకే మూతలు పెట్టారు. ఇంజన్ల హోరుకు అక్కడ ఎవరి అరుపూ ఎవరికీ వినబడదు. అన్నీ కంటితోనే చూసుకోవాలి. కానీ విమానం రెక్కల కొసలూ వాటి వెనక ఏముందో కూడా ట్రాక్టరు సీట్లోంచి నాకు సరిగా ఆనవు. అందుకని ఒక్కో రెక్క కొసన ఒక్కో మనిషి, రెండు చేతుల్లో వెలిగే లైటు కర్రలు పట్టుకుని విమానంతో పాటు నడుస్తారు. వాళ్ళను వింగ్ వాకర్లు అంటాం. కర్రలు పైకెత్తి ఉంచితే దారి ఖాళీగా ఉందని అర్థం. రెండు కర్రలూ తల మీద అడ్డంగా కలిపితే ఆగమని. ఇద్దరిలో ఏ ఒక్కరి లైట్లు కనబడకపోయినా ఆగాల్సిందే, కారణం తర్వాత అడగొచ్చు. ఈ ఆఖరి నియమం మా విశ్రాంతి గది గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని రోజూ చూసి చూసి మేం చదవడం మానేశాం.

స్వర్ణలత వింగ్ వాకర్‌గా వచ్చేటప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్ళు. కుప్పంలో డిప్లొమా చదివింది. మా కంపెనీ వాళ్ళు కాలేజీకి వచ్చి, పని ఆరుబయట, ఎండైనా వానైనా నిలబడాలి అని చెబితే తక్కిన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారట. ఈమె ఒక్కతే చెయ్యెత్తింది. ఎందుకెత్తావని నేనడిగితే, చేను కాపలా కన్నా కష్టమా అని నన్నే ఎదురడిగింది. రివటలా ఉండే ఈ పిల్ల అంత పెద్ద విమానానికి కాపలా కాస్తుందా అని మొదటి నెలంతా గొణిగాను. అప్పుడు నన్ను సార్ అని పిలిచేది. రెండో నెలకు చిన్నాయనా అయింది, నా గొణుగుడూ తగ్గింది. ఆమె పనితనం అందుకు ఒక కారణం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే కనబడే రాగి సంగటి, ఊరిబిండి రెండో కారణం. మిగతావాళ్ళు గంట నిలబడితే ఆవలిస్తారు, ఫోన్ల కోసం జేబులు తడుముకుంటారు. ఈమె చూపు మాత్రం ఒక్కచోట ఆగకుండా చుట్టూ తిరుగుతూనే ఉండేది.

ఆ చూపు ఆమెకు ఇంటి నుంచి వచ్చింది. ఆమె నాయన మునెప్పకు అడవిని ఆనుకుని రెండున్నర ఎకరాలుంది. రాగి, టమోటా, కొంచెం బీన్సు వేస్తాడు. ఆ పక్క పల్లెల్లో పంట పండించడం ఒక పనైతే, దాన్ని ఏనుగుల నుంచి దక్కించుకోవడం ఇంకో పని. పొద్దు వాలగానే మంచె ఎక్కాలి. ఆరేళ్ళ వయసు నుంచి ఈ పిల్ల నాయనతో పాటు మంచె మీదే కూర్చుని పాఠాలు చదువుకుంది. ఏనుగును వాళ్ళు ఏనుగు అనరు, సామి అంటారు. సామి దూరంగా ఉంటే టపాకాయలు కాలుస్తారు, డబ్బాలు వాయిస్తారు, ఊరంతా కలిసి అరుస్తారు. దగ్గరికి వచ్చేస్తే మాత్రం టార్చి ఆర్పి, చేతులు ఒంటికి ఆనించి, ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. వెలుగు చూపినవాడి మీదికి, నోరు తెరిచినవాడి మీదికి అది వస్తుందని వాళ్ళ అనుభవం.

ఆమె పదకొండో ఏట ఒకసారి పెద్ద కొమ్ముల సామి వాళ్ళ మంచె గుంజను తొండంతో తడిమి చూసిందట. మునెప్ప బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టి అలాగే కూర్చున్నాడు. అది వెళ్ళిపోయాక చూస్తే ఆ పిల్ల ఒక్క వేలు కూడా కదపలేదు, కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. అప్పటి నుంచి ఊళ్ళో పిల్లలకు మునెప్ప తన కూతుర్నే చూపించి, కాపలా అంటే అట్లా ఉండాలని చెప్పేవాడు. ఈ సంగతి ఆమె భోజనాల వేళ చెబితే మేమంతా తినడం ఆపి విన్నాం. ఆ అలవాటు ఆమెను ఎక్కడికి తీసుకుపోతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ జనవరిలో ఒక ఉదయం మంచు బాగా దిగింది. ఏడు కావస్తున్నా రెక్కల కొసన ఉన్న మనుషులు నాకు ఆనడం లేదు, వాళ్ళ చేతుల్లోని ఆరెంజి లైట్లు మాత్రం మసకగా కనబడుతున్నాయి. నియమాలు ఒప్పుకునే మంచే కాబట్టి పని ఆపలేదు. ఎడమ రెక్క దగ్గర స్వర్ణలత ఉంది. నేను నెట్టడం మొదలుపెట్టి పది గజాలు పోయానో లేదో, ఆమె చేతిలోని లైట్లు రెండూ ఆరిపోయాయి.

తల మీద అడ్డంగా కలపలేదు, అటూ ఇటూ ఊపలేదు. ఉన్నట్టుండి ఆరిపోయాయి. నిజం చెప్పాలి కదా, నేను బ్యాటరీలు అయిపోయాయనుకున్నాను. ఈ కంపెనీ వాళ్ళకు బ్యాటరీలు మార్చడం కూడా చేతకాదని తిట్టుకున్నాను. అలా తిట్టుకోవడానికి పట్టిన రెండు మూడు క్షణాలూ విమానం వెనక్కి పోతూనే ఉంది. ఆ తర్వాత నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. గోడ మీది ఎర్ర అక్షరాలు నా బుర్రకు ఎక్కకపోయినా కాలికి ఎక్కినట్టున్నాయి.

విమానం నిలిచాక దిగి వెళ్ళి చూశాను. ఎడమవైపు పెద్ద చక్రాల వెనక, నాలుగడుగుల దూరంలో, పాపక్క వంగి ఉంది. పాపక్కది గుర్రంకొండ, విమానాల లోపల ఊడ్చి శుభ్రం చేసే పని ఆమెది. ముందురోజే, నేల మీద కాగితం ముక్క పడితే ఇంజన్ మింగుతుందని సూపర్‌వైజరు ఆమెను పదిమందిలో తిట్టాడు. ఆ భయంతో, చెత్త సంచిలోంచి ఎగిరిన ప్లాస్టిక్ కవరు వెంట మంచులోకి పరుగెత్తి, విమానం కదులుతున్న సంగతే మరిచిపోయింది. కవరు చేత పట్టుకుని నన్ను చూసి, దొరికిందప్పా అన్నట్టు నవ్వింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని చక్రాల వెనక నుంచి పక్కకు లాగాను.

ఆమెకు కొద్ది దూరంలో స్వర్ణలత నిలువుగా నిలబడి ఉంది. రెండు చేతులూ తొడలకు ఆనించి, లైట్లు ఆర్పి, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. మంచులోంచి అంత పెద్ద ఆకారం ఒక మనిషి మీదికి పోవడం చూసేసరికి, ఆమె చేతులు మంచె మీద నేర్చిన పాఠమే అప్పజెప్పాయి. ఆమె ఆపాలనుకుంది. చేతులే వినలేదు.

జరిగింది రాసివ్వమని పై నుంచి కాగితం వచ్చింది. ఎడమ వింగ్ వాకర్ ఆగమని సిగ్నల్ ఇచ్చిందనీ, నేను వెంటనే ఆపాననీ నాలుగు వరసలు రాసిచ్చాను. మంచులో చూసినవాళ్ళెవరూ లేరు, పాపక్క వీపు ఇటు తిరిగి ఉంది, ఇక నన్ను కాదనేదెవరు? ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టడానికే రాశానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో ఆ ‘వెంటనే’ అన్న మాట ఎవరిని కాపాడటానికి రాశానో మాత్రం ఆలోచించలేదు. స్వర్ణలతను పక్కకు పిలిచి, నువ్వూ ఇదే చెప్పు అన్నాను. ఆమె తల వంచుకుని విన్నది. పెద్దవాడి మాట కాదనదులే అని ధీమాగా ఉన్నాను.

మూడో రోజు విచారణ. భద్రత వ్యవహారాలు చూసే అధికారి రాజగోపాల్ మా చిత్తూరు వైపు మనిషే, మాట్లాడితే మధ్యలో తమిళం దొర్లుతుంది. ఆయన నేను రాసిన కాగితం పైకి చదివి, ఇది సరేనా అని ఆమెను అడిగాడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"లేదు సార్. నేను సిగ్నల్ ఇయ్యలేదు. నా చేతులు కిందికి పోయినాయి. లైట్లు ఆర్పింది నేనే," అంది. మళ్ళీ తనే చెప్పింది: "ఈసారి చిన్నాయన ఆపినాడు కాబట్టి అక్క బతికింది. ఇంకోసారి ఎవురుంటారో ఏమో. నాకు నేర్పించండి సార్, ల్యాకుంటే నన్ను ఆడ నిలబెట్టొద్దండి."

రాజగోపాల్ నా వైపు తిరిగి, ఎంతసేపటికి ఆపావని అడిగాడు. బ్యాటరీల సంగతి ఇక దాచలేకపోయాను. రెండు లైట్లు ఆరిపోతే ఆపడానికి ఆలోచన ఎందుకు అన్నాడాయన.

తప్పుడు కాగితం రాసినందుకు నన్ను పదిహేను రోజులు ట్రాక్టరు ఎక్కవద్దన్నారు. విమానాల దగ్గరికి పోనిచ్చే స్వర్ణలత పాసు తీసేసుకున్నారు. నెలన్నర తర్వాత ఒక పరీక్ష పెడతారు. అందులో ఒక్కసారి చేతులు కిందికి జారినా మళ్ళీ విమానాశ్రయం కంచె లోపలికి అడుగు పెట్టేది లేదు. బయటికి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. నీ మేలు కోరితే నన్ను ముంచావు, ముప్పైయేళ్ళ నా పేరు మట్టిపాలు చేశావు, నిజం చెప్పి ఏం బావుకున్నావు అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె బ్యాగు భుజాన వేసుకుని రైలుకు వెళ్ళిపోయింది. నేను పుంగనూరు చేరి మూడు రోజులు టీ అంగడి వైపు కూడా పోలేదు. పోతే సెలవెందుకని అడుగుతారు.

నాలుగో రోజు పాపక్క ఫోను చేసింది. స్వర్ణలత పరీక్షకు రానంటోందట, కూలి పనికైనా పోతాను గానీ ఆ చేతులతో మళ్ళీ ఎవరి ప్రాణానికీ కాపలా కాయనంటోందట. నేను ఇంకా కోపంతోనే, అయితే నన్నేం చేయమంటావు అన్నాను.

"నువ్వు రాసింది అబద్దం, ఆ పిల్ల సెప్పింది నిజం," అంది పాపక్క. "సచ్చి బతికింది నేనప్పా. నాకే ఆ పిల్ల మీద కోపం లేనప్పుడు నీకు యాల? పోయి పిల్చుకోని రా."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పలమనేరు, అక్కడి నుంచి వి.కోట మీదుగా రామకుప్పం చేరి, ఆటోలో వాళ్ళ పల్లెకు పోయాను. రాగి కోసేసిన చేలో మునెప్ప గడ్డి కుప్ప వేస్తున్నాడు. నేను ఎవరో చెప్పగానే తలగుడ్డ తీసి నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు తన బిడ్డది కాదు, అలా నేర్పిన తనది అని మొదలుపెట్టాడు. నాకు సిగ్గేసింది. తప్పు రాసిన మనిషిని నేనైతే, ఆయన నాకు చేతులు కట్టుకోవడమేమిటి? అదే మాట ఆయనతో అన్నాను. ఇంట్లోంచి స్వర్ణలత విని బయటికొచ్చి, నేర్పిస్తే పరీక్షకు వస్తానంది.

నా పదిహేను రోజుల్లో మిగిలిన పది రోజులూ నేను వాళ్ళ పంచలోనే పడుకున్నాను. పక్కింటివాళ్ళ ట్రాక్టరూ, దాని వెనక తగిలించే ట్రక్కూ అడిగి తెచ్చాను. కోసిన చేలో నేను ట్రక్కును వెనక్కి తీయాలి, ఆమె వెనక మూల పక్కగా రెండు టార్చిలు పట్టుకుని నడవాలి, నేను ఆమెను తప్ప ఇంకేమీ చూడకూడదు. మధ్యలో మునెప్ప చెప్పాపెట్టకుండా ట్రక్కు దారిలో ఏదో ఒకటి పెడతాడు. గంప పెడితే ఆమె చేతులు టక్కున లేచాయి. కడవ పెడితే లేచాయి. మేకను కట్టేస్తే కూడా లేచాయి. ఇంకేం, వచ్చేసిందని సంబరపడ్డాను. మునెప్ప మాత్రం తల అడ్డంగా ఆడించాడు. గంపకు భయపడేదెవరు అని, తనే పోయి ట్రక్కు దారిలో నిలబడ్డాడు.

టార్చిలు ఆరిపోయాయి. ఆమె చేతులు తొడలకు అతుక్కుపోయాయి. నేను ఈసారి ఆలోచించకుండా ఆపాను. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. ఆ రోజు ఆరుసార్లు చేస్తే ఆరుసార్లూ అంతే. ఆమె గట్టు మీద కూర్చుని, ఇక వద్దు, నాయన్ను చంపేస్తాను అని ఏడ్చింది. మా మార్కెట్టు క్లీనర్లు నాకు గుర్తొచ్చారు. వాళ్ళు లారీ బాడీని చేత్తో ఊరికే కొట్టరు, నోరు తెరిచి అరుస్తూ కొడతారు. ఈ పిల్ల నోరు మూసుకున్నప్పుడే చేతులు పడిపోతున్నాయి. వినబడినా వినబడకపోయినా నోరు తెరువు, చేతుల సంగతి తర్వాత చూద్దాం అన్నాను. మర్నాడు ఆమె ప్రయత్నించింది. నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు.

సాయంకాలం పొద్దు వాలుతుండగా మునెప్ప కూతురి ముందు కూర్చుని, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"సామి ముందర నోరు మూసుకోమన్నది నేనే పాపా," అన్నాడు. "నేను సెప్పింది ఈడికి సరిపోతాది. ఆడ నువ్వు కాపలా కాసేది సేనికి కాదు, మనిషికి. వానికి ఇనపడల్ల. నువ్వు అర్సు. నేను సెప్తాండాను, అర్సు."

ఆయన పోయి మళ్ళీ ట్రక్కు వెనక నిలబడ్డాడు. నేను గేరు వేశాను. టార్చి వెలుగులు ఒక్క క్షణం కిందికి దిగబోయాయి. అప్పుడు వచ్చింది ఆ కేక. "ఆపు" అని ఆమె అరిచిన అరుపు ట్రాక్టరు చప్పుడు మించి నా చెవిన పడింది, రెండు టార్చిలూ ఆమె తల మీద అడ్డంగా నిలిచాయి. నేను బ్రేకు తొక్కి, సీటు మీదే కూర్చుని చప్పట్లు కొట్టాను. ఈలోపు సామి దిగిందనుకుని ఊరు ఊరంతా డబ్బాలూ టపాకాయలూ పట్టుకుని చేను మీదికి వచ్చేసింది. మునెప్ప వాళ్ళకు సంగతి చెబుతూ నవ్వుతున్నాడు, తలగుడ్డతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోవడమెందుకని రెండు టపాకాయలు కాల్చి మరీ పోయారు.

మిగిలిన రోజులన్నీ ఆ ఊరికి మా అరుపులతోనే పొద్దు గూకింది. నెలన్నరకు పరీక్ష పెట్టారు. రాజగోపాల్ బొమ్మలతో సరిపెట్టకుండా మనుషుల్ని పెట్టి, చెప్పకుండా నాలుగుసార్లు అడ్డం పంపాడు. నాలుగుసార్లూ ఆమె నోరు ముందు లేచింది, చేతులు వెంటనే లేచాయి. పాసు తిరిగిచ్చారు. పాపక్క ఆ రోజు అందరికీ మదనపల్లె నుంచి తెప్పించిన మైసూర్‌పాకు పంచింది. నాకు మాత్రం రెండు ముక్కలిచ్చింది.

అక్కడితో ఆగలేదు ఆ పిల్ల. ఎనిమిది నెలలు చదివి హెడ్‌సెట్ పని నేర్చుకుంది. విమానం ముక్కు దగ్గర ఒక తీగ తగిలించుకుని లోపలున్న కెప్టెన్‌తో మాట్లాడే పని అది. బ్రేకు వదలమని, వేయమని, దారి ఖాళీ అని చెప్పేది వాళ్ళే. నెట్టడం అయ్యాక, పార్కింగ్ బ్రేకు వేశానని కెప్టెన్ చెప్పి, ఆ మాట హెడ్‌సెట్ మనిషి మాకు బొటనవేలు ఎత్తి చూపాకే టోబారు విప్పాలి. కెప్టెన్‌కు తన ముక్కు కింద ఏముందో సీట్లోంచి కనబడదు. కింద తిరిగే మా అందరికీ కళ్ళూ నోరూ ఆ ఒక్క మనిషే.

మరుసటి ఏడాది సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం. ఎండ బాగా కాస్తోంది, మంచూ లేదు, వానా లేదు. నేను విమానాన్ని నెట్టి నిలబెట్టాను. బ్రేకు వేశానని కెప్టెన్ చెప్పాడు, స్వర్ణలత బొటనవేలు చూపింది. మా దగ్గర టోబారు విప్పేది ట్రాక్టరు నడిపేవాడే. నేను దిగి, చక్రం దగ్గర కొక్కెం తప్పించి, కడ్డీని ఎత్తడానికి విమానానికి వీపు పెట్టి వంగాను. ముందు నా ట్రాక్టరు, వెనక నూట డెబ్బై మందితో విమానం, మధ్యలో నేను. చెవులకు మూతలున్నాయి. ఇంజన్లు తిరుగుతున్న హోరు తప్ప ఇంకేమీ వినబడదు.

తర్వాత కెప్టెన్ స్వయంగా వచ్చి చెప్పిన దాన్ని బట్టి, ఆయన బ్రేకు పిడి తిప్పాడు గానీ అది పూర్తిగా పడలేదు, చూసుకోకుండా కాగితాల మీదికి దృష్టి మళ్ళించాడు. విమానం కదులుతున్నట్టు ఆయనకు తెలియలేదు. ఉన్నట్టుండి చెవులు పగిలేలా ఒక ఆడగొంతు వినబడిందట. "స్టాప్, స్టాప్, బ్రేక్స్" అని అరిచి, ఆ వెంటనే తెలుగులో "ముక్కు కింద మనిషుండాడు" అని అరిచిందట. ఆయనకు తెలుగు రాదు, ఆ మాటలు నాకు చెప్పింది స్వర్ణలతే. ఆయన కాలు మాత్రం బ్రేకు మీదికి పోయిందన్నాడు.

నాకు ఇవేవీ తెలియవు. బూటు మడమకు ఏదో మెత్తగా తగిలితే, టోబారు జారిందేమోనని వెనక్కి తిరిగాను. నల్లటి టైరు నా మడమను ఆనుకుని ఆగి ఉంది.

దాని పక్కన స్వర్ణలత నిలబడి ఉంది. చేతులు రెండూ తల మీద అడ్డంగా కలిపి, నోరు ఇంకా తెరిచే ఉంది. ఆ రోజు రాజగోపాల్ గదిలో ఈ పిల్ల నా అబద్ధానికి తలూపి ఉంటే, పాసు పోయేది కాదు, ఉద్యోగానికి ముప్పూ వచ్చేది కాదు. నేర్చుకోవాల్సిన అవసరమే ఎవరికీ కనబడేది కాదు. ఆ పాత చేతులతోనే ఇక్కడ నిలబడి, చక్రం కదలడం చూసి, నోరు మూసుకుని ఊపిరి బిగబట్టేది. ఆమెను కాపాడుతున్నానని నేను రాసిన నాలుగు వరసలు ఇవాళ నన్ను చక్రం కింద పెట్టి ఉండేవి. నన్ను ముంచిందని ఆమెను ఏ నిజానికైతే తిట్టానో, నేను బతికింది ఆ నిజం వల్లే.

కెప్టెన్ బ్రేకు సరిగా వేసి చెప్పాక కూడా ఆ చేతులు కిందికి దిగలేదు. నేనే పోయి ఆమె మణికట్లు రెండూ పట్టుకుని మెల్లగా దించాను. దించి, వదలకుండా అలాగే పట్టుకుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా, వాటిని కళ్ళకు అద్దుకోబోయాను. ఆమె చేతులు వెనక్కి లాక్కుని, ట్రాక్టరు వైపు వేలు చూపించింది.

"ముందు నువ్వు పక్కకు రా చిన్నాయనా," అంది. "విమానం పోవల్ల."